కొలువు ఇయ్యరు సరే, సొంత కాళ్ల మీదనైనా నిలబడనిస్తరా?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల కోసం ఉస్మానియా, కాకతీయ విద్యార్థులు లాఠీలకు వీపులొడ్డారు. 2010 జనవరి 3న ఓయూలో జరిగిన విద్యార్థి గర్జనకు కదిలి వచ్చిన బిడ్డలెవరు? చేనేత, గొల్ల, గౌడ, మాదిగ, మాల, లంబాడ ఇండ్ల నుంచి మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లే ఎక్కువ. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత వాళ్లు విన్నది ఒకటే పాట. అందరికీ సర్కారు కొలువులు రావు, కొలువులు అడిగేటోళ్లు కాదు, ఇచ్చేటోళ్లు కావాలె అని!

సరే, ఆ మాటనే పట్టుకుందాం. కొలువులిచ్చేటోళ్లు కావడానికి దారి ఎవరికి తెరిచారు?

2015 నవంబర్‌లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో టీ-హబ్ మొదలైంది. 2018లో మహిళల కోసం వీ-హబ్ వచ్చింది. 2022 జూన్‌లో రాయదుర్గంలో టీ-హబ్‌కు అద్దాల మేడ లేచింది. ఇవి మంచి పనులే. కాదనేది మేం కాదు. కానీ పెద్ద మేడలన్నీ హైదరాబాద్‌లోనే లేచాయి. పాలమూరు, శాతవాహన, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీల పిల్లలకు, అచ్చంపేట, ఉట్నూరు డిగ్రీ కాలేజీల పిల్లలకు ఆ మేడలు ఎంత దూరం? దూరం కిలోమీటర్లలో లేదు. దరఖాస్తు ఇంగ్లీషులో ఉంటది. పెట్టుబడిదారు ముందు పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలె. ఏడాది, రెండేండ్లు రూపాయి రాకున్నా ఇల్లు గడవాలె. తండ్రి కూలికి పోతేనే పొయ్యి మీదికి ఎసరెక్కే ఇంట్లో అది సాధ్యమయ్యే పనేనా?

ఆలోచనకు కులమేంది, ప్రతిభ ఉంటే చాలు గదా అని కొందరు పెద్దమనుషులు వాదిస్తున్నారు. ఆలోచనకు కులం లేకపోవచ్చు. అప్పుకు జమానతు పెట్టే మేనమామకు ఉంటది. మొదటి గిరాకీని పరిచయం చేసే చుట్టానికి ఉంటది. ఓడిపోతే మళ్లీ నిలబెట్టే తాత ఆస్తికి ఉంటది.

ప్రతిభ ఎక్కడుందో తెలియాలంటే ఆలేరు వైపు చూడండి. చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసిన చేనేత బిడ్డ. ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోవడం చూడలేక, ఏండ్ల తరబడి అప్పులు చేసి, అవమానాలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెంట ఏ యూనివర్సిటీ లేదు, ఏ ప్రయోగశాల లేదు. ఇవాళ అటువంటి బిడ్డ ఒకడు ఇంగ్లీషు రాని చేతులతో దరఖాస్తు పట్టుకొని వస్తే మన ఇంక్యుబేషన్ కేంద్రాలు లోపలికి రానిస్తాయా? గుండెల మీద చెయ్యేసుకొని చెప్పండి.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. రాష్ట్రం 2014లో దళిత పారిశ్రామికుల కోసం టీ-ప్రైడ్ తెచ్చింది. కేంద్రం 2016లో స్టాండప్ ఇండియా పెట్టింది. ఒక్కో బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇయ్యాలన్నది. అయితే పెట్టే పనిలో కనీసం నూటికి పది సొంతంగా తేవాలన్నది షరతు. పది లక్షల పనికి లక్ష రూపాయలు! డిగ్రీ అయిపోయి హాస్టల్ ఖాళీ చేసిన పిల్లగాడు ఎక్కడి నుంచి తెస్తడు? 2020లో అంబేద్కర్ పేరు మీద ఇంకో మిషన్ వచ్చింది. ఎస్సీ యువత ఆలోచనలకు మూడేండ్లలో 30 లక్షల దాకా పెట్టుబడి అన్నారు. మంచిదే. కానీ అది క్యాంపస్‌లలోని ఇంక్యుబేషన్ కేంద్రాలను ఆధారం చేసుకున్న పథకం. కేంద్రమే లేని కాలేజీలో చదివే బిడ్డకు ఆ పైసల వాసన కూడా రాదు.

2024లో కులాల సర్వే చేశారు. ముస్లిం బీసీలను కలుపుకొని బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 అని లెక్క తేలింది. అంటే నూటికి 84 మంది. సర్కారు పైసలతో నడిచే హబ్బుల్లో, యూనివర్సిటీ కేంద్రాల్లో కుర్చీ దొరికినవాళ్లలో ఈ 84 మంది వాటా ఎంత? ఆడపిల్లలెందరు? ఏ జిల్లా నుంచి ఎందరు? ఏటేటా ఈ లెక్క బయటపెట్టాలె. ఇది మా మొదటి డిమాండ్.

రెండోది, దరఖాస్తు, ఇంటర్వ్యూ తెలుగులో, ఉర్దూలో కూడా జరగాలె. ఎంపిక కమిటీలో దళిత, గిరిజన, బీసీ, మైనారిటీ, మహిళా సభ్యులుండాలె. మూడోది, ఎంపికైన పేదింటి బిడ్డకు రెండేండ్లు నెలనెలా భృతి ఇయ్యాలె. పరిశోధక విద్యార్థికి ఫెలోషిప్ ఇచ్చినట్టే ఇదీ. నాలుగోది, స్టార్టప్ అంటే మొబైల్ యాప్ ఒక్కటే అన్న భ్రమ పోవాలె. ఇప్పపువ్వు, తేనె, చేపలు, గొర్రెల ఉన్ని, పోచంపల్లి ఇక్కత్ కూడా వ్యాపారాలే. ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలలను వాటికి తెరవాలె.

ఐదోది అన్నిటికన్న ముఖ్యం. కొత్త వ్యాపారానికి పెట్టుబడి కంటే ముందు గిరాకీ కావాలె. యూనివర్సిటీ హాస్టళ్లకు బియ్యం, పప్పు, కూరగాయలు, దుప్పట్లు ఏటా కొంటూనే ఉన్నారు. ఆ టెండర్లు ఎవరి చేతుల్లో ఉన్నాయి? కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తాము కొనేదాంట్లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి, 3 శాతం మహిళల పరిశ్రమల నుంచి కొనాలని విధానం ఉంది. మన రాష్ట్ర యూనివర్సిటీలు తమ పూర్వ విద్యార్థుల నుంచి ఆ పాటి కొనలేవా? దీనికి కొత్త బడ్జెట్ అక్కర లేదు, మనసుంటే చాలు.

ఉద్యోగ సంఘాల మిత్రులకు, అధ్యాపకులకు మా విన్నపం. సకల జనుల సమ్మెలో మీరు ఈ పిల్లల పక్కన నిలబడ్డారు. ఇప్పుడు పాలకమండలి సమావేశాల్లో, కొనుగోలు కమిటీల్లో వాళ్ల కోసం నోరు విప్పండి. విద్యార్థి సంఘాల తమ్ముళ్లు, చెల్లెండ్లు నోటిఫికేషన్ల కోసం కొట్లాడుతూనే, సమాచార హక్కు కింద ఈ లెక్కలు అడగండి. కొలువుల్లో వాటా అడిగినట్టే, వ్యాపారంలోనూ వాటా అడుగుదాం. ఇది ఎవరో పెట్టే భిక్ష కాదు, కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో మన హక్కు.