కాలి కింద బ్రేకు మెత్తగా ఉందా?

ఇడ్లీ దూదిలా ఉండాలి, పూర్ణం వెన్నలా ఉండాలి. కారు బ్రేకు మాత్రం మెత్తగా ఉండకూడదు సుమా! "అది మగవాళ్ల గొడవ, మనకెందుకు?" అని పేజీ తిప్పేయకండి. పిల్లల్ని బడిలో దింపేదీ, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదీ ఇప్పుడు చాలా ఇళ్లలో మనమే. నడపకపోయినా ఒళ్లో పిల్లను పెట్టుకుని కూర్చునేదైనా మనమే కదా!

2010 జనవరి సంగతి చెబుతాను. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఇంకా నడుస్తున్న రోజులవి. (2015 చివర్లో మూతపడింది.) సంక్రాంతి నోముల వాయనానికి కంఠేశ్వర్ నుంచి బోధన్ బయల్దేరాం. మా ఆడబిడ్డ నడుపుతోంది, వెనక ఇద్దరు పిల్లలు. ఎడపల్లి దగ్గర ముందు వెళ్తున్న చెరకు ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. "వదినా, బ్రేకు లోపలికే పోతున్నది!" అని ఆడబిడ్డ కేక. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే గానీ బండి ఆగలేదు. ఆగేసరికి చెరకు గడల చివర్లు మా అద్దానికి జానెడు దూరంలో ఉన్నాయి. పిల్లలేమో "చెరకు, చెరకు!" అని చప్పట్లు. మా ఇద్దరికీ నోట మాట లేదు.

తప్పు మాది కూడా. బ్రేకు మెత్తబడిందని ఆడబిడ్డ మూడు వారాల ముందే చెప్పింది. ఒక మెకానిక్‌కు చూపిస్తే డబ్బాలో కొంచెం బ్రేక్ ఆయిల్ పోసి "ఏం కాదు" అన్నాడు. మేమూ నమ్మేశాం. ఆ రోజు కారు రోడ్డు పక్కన పెట్టి బస్సెక్కాం. మర్నాడు ఇంకో పెద్దాయన వచ్చి వెనక ఎడమ చక్రం విప్పితే లోపలంతా ఆయిల్ తడి! "అమ్మా, ఆయిల్ పోసుడు కాదు, అది ఏడికి పోతున్నదో చూడాలె" అన్నాడాయన. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

అసలు ఎందుకు మెత్తబడుతుంది? సూది లేని ఇంజక్షన్ సిరంజిలో నీళ్లు నింపి, మూతి వేలితో మూసి నొక్కి చూడండి. కదలదు. అదే గాలి నింపి నొక్కితే మెత్తగా దిగుతుంది. బ్రేకూ అంతే. మీ కాలి బలాన్ని చక్రాల దాకా మోసేది గొట్టాల్లోని ఆయిల్. అందులో గాలి చేరితే మీ బలమంతా ఆ గాలిని నలపడానికే సరిపోతుంది.

ఇంకో సంగతి. వానాకాలంలో మూత పెట్టని బెల్లం చెమ్మగిల్లినట్టే మామూలు బ్రేక్ ఆయిల్ కూడా గాలిలోని తేమను లాక్కుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని లెక్క. నూటికి మూడున్నర పాళ్లకు పైగా నీరు చేరితే 140 డిగ్రీలకే మరగవచ్చు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ లాంటి చోట బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆయిల్ కాగి, ఆవిరి బుడగలు పుట్టి బ్రేకు జారిపోతుంది. అందుకే దిగేటప్పుడు చిన్న గేరు వాడమనేది.

ఇక ఇంటి ముందే, బండి కదలకుండా మీరు చేయగల పరీక్షలు ఇవి:

1. ఇంజను ఆపి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కండి. తొక్కేకొద్దీ పైకి లేచి గట్టిపడితే గాలి చేరి ఉండొచ్చు, లేదా వెనక డ్రమ్ముల్లో లైనర్లు అరిగి సందు పెరిగి ఉండొచ్చు.

2. గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టండి. మెల్లగా కిందికి దిగుతూ పోతే మాస్టర్ సిలిండర్ లోపల వాషర్లు పాడైనట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. ఆ బండి నడపొద్దు.

3. తొక్కి పట్టుకుని ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగుతుంది. అది మామూలే, కంగారు పడకండి.

4. బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడండి. కింది గీత కన్నా తగ్గితే ప్యాడ్లు అరిగాయి, లేదా ఆయిల్ కారుతోంది. రంగు డికాక్షన్‌లా నల్లబడితే మార్చే వేళైంది.

5. నాలుగు చక్రాల లోపలి వైపూ తడి ఉందేమో చూడండి.

గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు బ్రేకు తొక్కి పట్టాలి. మరొకరు చక్రం దగ్గరి చిన్న నిపుల్ వదులు చేయాలి. దానికి తొడిగిన పారదర్శకమైన గొట్టంలోంచి బుడగలతో ఆయిల్ వస్తుంది. నిపుల్ బిగించాకే కాలు తీయాలి. బుడగలు ఆగేదాకా ఇలా చేస్తూ, మధ్యలో డబ్బా ఖాళీ కాకుండా పోస్తుండాలి. ఏ చక్రం ముందనేది బండిని బట్టి ఉంటుంది. ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లకు ప్రత్యేక యంత్రం కావాలి. కనుక మెకానిక్ చేతే చేయించండి, మీరు పక్కన నిలబడి చూడండి. కారే చోటు బాగుచేయకుండా గాలి ఒక్కటే తీస్తే వారానికే కథ మొదటికొస్తుంది.

ఆయిల్ ఏ రకమో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఇంజను ఆయిలో, వంటనూనో పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయి. మూత తీసి చాలాకాలం ఉంచిన సీసా వాడకండి. కారు రంగు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి. అది విషం, పిల్లలకు అందనివ్వకండి. చాలా కార్లకు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. మీ బండి పుస్తకంలో చూసి, గ్యాస్ బుక్ చేసిన తేదీలాగే క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

దారిలో బ్రేకు జారితే? ఇంజను ఆపకండి. గబగబా తొక్కుతూ గేర్లు తగ్గించండి, హ్యాండు బ్రేకు కొద్దికొద్దిగా లాగండి. చాలా కార్లలో అది తీగతో పనిచేస్తుంది, ఆయిల్‌తో పని లేదు. ఆగాక "ఇంటిదాకా మెల్లగా పోదాం" అనుకోకండి.

ఈసారి మీవారు "ఆయిల్ పోయించాలే, ఏం కాదు" అంటే, "మరి ఆ ఆయిల్ ఎటు పోయిందండీ?" అని అడగండి. జవాబు దొరికేదాకా పిల్లల్ని ఆ బండి ఎక్కించకండి. ఏమంటారు?