ఎల్లలు దాటు నగలు

మన యిండ్లలో నగ కేవల మలంకారము గాదు. స్త్రీకి అది స్వంత ధనము, ఇంటికి ఆపద్ధనము, వంశమునకు జ్ఞాపకము. నేడు వేలకొలది తెలుగు కుటుంబముల బిడ్డలు అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో కాపురము లుండుటచే, తల్లి మెడలోని కాసులపేరు సముద్రములు దాటవలసి వచ్చుచున్నది. దానిని క్షేమముగా చేర్చు మార్గమేది? ఈ ప్రశ్నను తేలికగా చూచుట తగదు. పోయిన సొమ్ముకు బదులు సొమ్ము దొరకవచ్చును గాని, అమ్మమ్మ చేయించిన నగ మరల దొరకదు.

1905వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని ప్రీమియరు గనిలో 3,106 కేరట్ల కల్లినన్ వజ్రము దొరకినది. దానిని లండనుకు పంపునపుడు కావలివారితో కూడిన పెట్టె యొకటి ఓడనెక్కినది. అందున్నది నకిలీ రాయి! అసలు వజ్రము సామాన్యమైన రిజిస్టరు పార్సెలుగా తపాలాలో చేరినది. 1908లో దానిని కోయుటకై ఆమ్‌స్టర్‌డామునకు కొనిపోవునపుడును ఇట్లే జరిగెను. యుద్ధనౌక ఖాళీ పెట్టెను మోసినది. అబ్రహాం ఆషర్ వజ్రమును కోటు జేబులో వేసికొని రైలుపైనను పడవపైనను ప్రయాణము చేసెను. ఆర్భాటమే దొంగకు ఆహ్వానమని దీనివలన తెలియుచున్నది.

అయితే గోప్యత సగము రక్షణ మాత్రమే. తక్కిన సగము కాగితముపై నున్నది. మన కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలో పుట్టినదని పండితులు తలంచు హోప్ వజ్రమును 1958లో హారీ విన్‌స్టన్ న్యూయార్కునుండి వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థకు తపాలాలోనే పంపెను. అది దేశములోపలి ప్రయాణమే యైనను, దాని పాఠ మందరకు వర్తించును. తపాలా కూలి 2 డాలర్ల 44 సెంట్లు. సుమారు పది లక్షల డాలర్ల భీమాకు 142 డాలర్ల 85 సెంట్లు. పొట్లము నిరాడంబరము, పత్రము యథార్థము.

మనవారిలో పలువురు చేయునది ఇందుకు విరుద్ధము. ఊరందరకు చెప్పుదురు, కాగితముపై మాత్రము దాచుదురు. సుంకము తప్పించుకొనుటకై బంగారమును గిల్టు నగయని వ్రాయుదురు. లేదా బంగారమును స్వీకరించని కొరియరు సంస్థకు చీరల మడతలలో పెట్టి అప్పగింతురు. సొమ్ము పోయెనా, వ్రాసిన స్వల్ప విలువను మించి పరిహారము రాదు. ఒక్కొక్కప్పుడు అదియు రాదు. పట్టుబడెనా, మన దేశములో 1962వ సంవత్సరపు కస్టమ్సు చట్టము క్రింద జప్తు, జరిమానా తప్పవు. తప్పించుకొన దలచిన సుంకమెంత? పోగొట్టుకొను సొత్తెంత?

కావున పంపువారు మొదట నగల తూకమును విలువను నిపుణునిచే వ్రాయించి, ఛాయాచిత్రములు తీయించి యుంచుకొనవలెను. నగలను స్వీకరించు సంస్థనే యెన్నుకొని, పూర్తి విలువకు భీమా చేయింపవలెను. పెట్టెపై నగల దుకాణము పేరు కనబడరాదు. చేరుదేశపు సుంకమును ముందే తెలిసికొనవలెను. 800 డాలర్ల లోపు సరకులకుండిన మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న తొలగించినది. స్వయముగా ధరించి పోవువారు బయలుదేరునపుడే కస్టమ్సువారినుండి ఎగుమతి ధ్రువపత్రము పొందినచో, తిరిగివచ్చునపుడు ఆ నగలపై సుంకపు తగవుండదు. ఏడాదికి మించి విదేశమున నివసించి వచ్చువారికి, నియమములకు లోబడి, స్త్రీలకు 40 గ్రాములు, పురుషులకు 20 గ్రాముల నగలు సుంకము లేకుండ తెచ్చుకొను సౌకర్యమును గలదు.

ప్రభుత్వమునకు మా మనవి యొక్కటి. ఈ నియమములు విమానాశ్రయములలోను తపాలా కచేరీలలోను తెలుగున, పెద్ద యక్షరములతో, అందరకు కనబడవలెను. ధ్రువపత్రము సామాన్యునకు సులభముగా లభింపవలెను. సన్మార్గము కఠినమైనచో జనులు అడ్డదారి త్రొక్కుట సహజము.

దొంగకు దాచుట వివేకము. చట్టమునకు దాచుట అవివేకము. ఈ రెంటి భేదము నెరిగినవాని నగయే క్షేమముగా గమ్యము చేరును.