స్టేషను దగ్గరంటే ఏ స్టేషను?

వరంగల్‌కి మొదటిసారి వచ్చే చుట్టాలకు మా ఊరు ఒక చిన్న పరీక్ష పెడుతుంది. ‘స్టేషన్లో దిగి బయట నిలబడండి, వచ్చేస్తాను’ అని ఫోన్లో చెబుతాం. ఆయన దిగుతాడు, నిలబడతాడు. మనమూ వెళ్తాం. ఆయన కనిపించడు! అరగంట వెతుకులాట తర్వాత తేలేదేమిటంటే... ఆయన కాజీపేటలో దిగాడు, మనం వరంగల్ స్టేషను ముందున్నాం. మధ్యలో దాదాపు 10 కిలోమీటర్లు. ‘చౌరస్తా దగ్గర’ అన్నా ఇదే తంతు. హన్మకొండలో ఉన్నవాడికి ఒక చౌరస్తా, వరంగల్‌లో ఉన్నవాడికి ఇంకో చౌరస్తా. చెప్పినవాడి తప్పు లేదు, విన్నవాడి తప్పూ లేదు. చెప్పినవాడు ఎక్కడ నిలబడి చెప్పాడో విన్నవాడికి తెలియదు, అంతే.

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి మా మరదలు ఫోన్ చేసింది. ‘బావా, పిల్ల అన్నం తింటలేదు. టెస్టుల ఫెయిలైందట. నౌకరి వచ్చినంక గూడ ఇంకా ఈ పరీక్షలేంది?’ అని.

వాళ్లమ్మాయి ఇంజినీరింగ్ చదివింది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరి అయిదు నెలలైంది. నయీంనగర్‌లో ఇంట్లోనే కూర్చుని పని చేస్తుంది. ఆరు నెలలు నిండితేగానీ ఉద్యోగం ఖాయం కాదు. ఫోన్ అందుకుని, ‘పెద్దబాపూ, నా లాప్‌టాప్‌ల అన్నీ పాస్ అయితున్నయి. సర్వరు మీద పెట్టంగనే ఫెయిల్ అయితున్నయి. రెండు రోజులాయె. సోమవారం మా టీమ్ లీడ్ చూస్తడు’ అంది. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. నేను ప్రోగ్రాములు రాసి బతికినవాణ్ని కాబట్టి చెప్పులేసుకుని బయల్దేరాను.

మా మరదలికి చెప్పినట్టే మీకూ చెబుతాను. పెళ్లింట్లో బల్బుల తోరణం కట్టే ఎలక్ట్రీషియన్ ముందు ఒక్కో బల్బునూ విడిగా వెలిగించి చూసుకుంటాడు. తోరణమంతా కట్టేశాక ఎక్కడో ఒకటి వెలగకపోతే వెతకడం ఎంత కష్టమో అతనికి తెలుసు. ప్రోగ్రాములోని ఒక్కో చిన్న ముక్కనూ అలా విడిగా వెలిగించి చూడటమే యూనిట్ టెస్టు. ఇందుకు ఎక్కువమంది వాడే జేయూనిట్ అనే పనిముట్టు పుట్టిన కథ సరదాగా ఉంటుంది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు ప్రోగ్రామర్లు ఒక సదస్సుకని జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్తూ, విమానంలోనే దాన్ని రాయడం మొదలుపెట్టారు. విమానంలో మనమైతే కిటికీ సీటు కోసం కొట్లాడుకుంటాం!

ఇక కాన్ఫిగరేషన్ ఫైలు. ఇది వంటవాడి చేతికిచ్చే చిట్టీ. వంట అతనికి వచ్చు. ఎంతమందికి, కారం ఎంత, సామాను ఏ కొట్టు నుంచి తెచ్చుకోవాలి అన్నది మనం రాసిస్తాం. అలాగే ఏ డేటాబేసుతో మాట్లాడాలి, దాని పాస్‌వర్డు ఏమిటి, ఎంతసేపు ఆగి చూడాలి వంటివన్నీ ప్రోగ్రాము బయట ఒక ఫైల్లో రాసిపెడతారు. పెళ్లి మారితే చిట్టీ మారుతుంది, వంటవాడు మారడు.

మా అమ్మాయి టెస్టులు మొత్తం తొమ్మిది. సర్వరు మీద ఎనిమిది ఫెయిల్, ఒకటి పాస్. ఎనిమిదింటికీ ఒకటే ఫిర్యాదు: చిట్టీ దొరకలేదు. పాపం, ఆ ఫైలుని అయిదు ఫోల్డర్లలో కాపీ చేసి పెట్టింది. అయిదుచోట్ల ఉన్నా దొరకడం లేదంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపించదూ!

‘ముందు కాపీలన్నీ తీసెయ్. ప్రోగ్రాము ఎక్కడ నిలబడి వెతుకుతోందో దాన్నే అడుగు’ అన్నాను. టెస్టు మొదట్లో ఒక్క లైను చేర్చాం: నువ్వు ఇప్పుడున్న ఫోల్డరేది, వెతుకుతున్న ఫైలు పూర్తి చిరునామా ఏది, రెండూ తెర మీద రాయమని. లాప్‌టాప్‌లో ప్రాజెక్టు ఫోల్డరు లోపల నిలబడి వెతుకుతోంది. సర్వరు మీద దానికి ఒక మెట్టు పైన నిలబడి వెతుకుతోంది. ఈమె రాసిన చిరునామా ఏమో ‘పక్కనున్న కాన్ఫిగ్ ఫోల్డర్లో’ అని. ఎవరి పక్కన? కాజీపేటలో దిగిన చుట్టం పరిస్థితే!

ఇలాంటప్పుడు టెస్టుల కోసం విడిగా ఒక చిట్టీ రాసి, టెస్టు ఫైళ్లతోపాటే ఉంచాలి. ప్రోగ్రాము ఎక్కడ నిలబడిందన్న దానితో పని లేకుండా, టెస్టు ఫైలు ఉన్న చోటు నుంచి దారి లెక్కపెట్టాలి. జావాలో దీనికి టెస్టు రిసోర్సుల ఫోల్డరు వేరే ఉంటుంది. డాట్‌నెట్‌లోనైతే ఆ ఫైలు, ప్రోగ్రాము తయారై వచ్చి పడే ఫోల్డర్లోకి కాపీ అయ్యేలా ఒక సెట్టింగు మార్చాలి. అది మరచిపోయి రాత్రుళ్లు జాగారం చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. నేనూ చేశాను.

దారి సరిచేశాక ఏడు పాసయ్యాయి. మిగిలినదానిలో ఫైలు పేరు మొదటి అక్షరం ఇంగ్లిషు పెద్దబడిలో ఉంది, ప్రోగ్రాములో చిన్నబడిలో రాసింది. విండోస్ రెండూ ఒకటే అనుకుని ఊరుకుంటుంది. సర్వర్లలో ఎక్కువగా ఉండే లినక్స్ మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులంటుంది. మన తెలుగులో ఈ పెద్దక్షరం, చిన్నక్షరం గొడవే లేదు కదా, మనకు చప్పున తట్టదు. నోట్‌ప్యాడ్ కూడా ఒక్కోసారి మనకు చెప్పకుండా పేరు చివర టీఎక్స్‌టీ అని తోక తగిలిస్తుంది. ఆ తోక తెర మీద కనిపించదు కూడా.

ఎనిమిదీ పాసయ్యాయి. మా మరదలు టీ పెట్టింది. అప్పుడు నాకొక అనుమానమొచ్చింది.

‘మరి ఆ తొమ్మిదోది మొదటి నుంచీ ఎట్ల పాసైంది? చిట్టీ దొరకనప్పుడు అదీ ఫెయిల్ కావాలె గదా?’

‘అది మా సీనియర్ రాసిన పాత కోడు వాడుతది పెద్దబాపూ. ఏమైనా గనీ అది పాసైతది. అందుకే మిగిలిన ఎనిమిదింటికి గూడ అదే పెడుదామని రాసిపెట్టిన. మీరు రాకపోతే పొద్దున పంపిద్దును’ అంది.

ఆ పాత కోడు తెరిచి చూశాను. ఫైలు దొరికితే చదువు, దొరకకపోతే ఇదిగో ఈ విలువలు వాడుకో, ఎవరికీ చెప్పకు... స్థూలంగా ఇదీ అందులో ఉన్నది. ఆ ‘ఈ విలువలు’ ఏమిటంటే, ఖాతాదారుల అసలు డేటాబేసు చిరునామా, పాస్‌వర్డుతో సహా! ఎప్పుడో తొందరలో ఎవరో రాసి వదిలేశారు. తొమ్మిదో టెస్టు చేసేదల్లా జాబితా తెరిచి అందులో కనీసం ఒక పేరుందా అని చూడటమే. అసలు ఖాతాదారుల జాబితాలో పేర్లుండక ఏమవుతాయి? దర్జాగా పాసైపోయింది.

మరి మిగిలిన ఎనిమిదింటిలో ఏముంది? మూడోది మొదలవుతూనే పట్టిక మొత్తం తుడిచేసి, మూడు ఉత్తుత్తి పేర్లు వేసి లెక్క చూసుకుంటుంది. టెస్టు అన్నాక అది మామూలే, తుడిచేది టెస్టు డేటాబేసు అయినంతసేపు. పొద్దున ఆ పాత కోడు దీనికీ తగిలించి పంపి ఉంటే, సర్వరు మీద చిట్టీ ఎలాగూ దొరకదు కాబట్టి, తుడిచేది ఖాతాదారుల పట్టికని. ఆపైన టెస్టు పాసైందని పచ్చ గుర్తు కూడా వచ్చేది.

అమ్మాయి ముఖంలో రక్తం లేదు. టీ చల్లారిపోయింది.

చిట్టీ దొరకకపోతే మంచి వంటవాడు ‘చిట్టీ ఏదమ్మా?’ అని గట్టిగా అరుస్తాడు. చేతకానివాడు మొన్నటి పెళ్లి లెక్కతో వండేస్తాడు. నా ఓటు అరిచేవాడికే.

పెద్దవాళ్లకు ఇలాంటివి జరగవనుకోకండి. 2024 జూలై 19, శుక్రవారం గుర్తుందా? శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ మన లెక్కలో ఉదయం 9.39కి ఒక చిన్న కాన్ఫిగరేషన్ ఫైలు పంపింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో కుప్పకూలాయి. తర్వాత కంపెనీ చెప్పిన కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఫైలు తయారైన పద్ధతి ప్రకారం గళ్లు 21. దాన్ని చదివే ప్రోగ్రాముకి అందేవి 20 మాత్రమే. టెస్టుల్లో ఎందుకు దొరకలేదు మరి? టెస్టుల్లోనూ, అంతకుముందు పంపిన ఫైళ్లలోనూ 21వ గడిలో ‘ఏదైనా ఫరవాలేదు’ అనే గుర్తు పెట్టారు. ఏదైనా ఫరవాలేనప్పుడు ప్రోగ్రాము ఆ గడి వైపు చూడనే లేదు. ఆ శుక్రవారం ఫైల్లో మాత్రం అక్కడ నిజంగా పోల్చి చూడాల్సినది పెట్టారు. ప్రోగ్రాము చూడబోయింది, అక్కడ ఏమీ లేదు, పడిపోయింది. 78 నిమిషాల్లో ఫైలు వెనక్కి తీసుకున్నారు. కానీ పడినవి వాటంతటవే లేవలేదు. చాలాచోట్ల మనుషులు ఒక్కో కంప్యూటరు దగ్గరికీ వెళ్లి, ఆ ఫైలు తుడిచి లేపాల్సి వచ్చింది.

మళ్లీ నయీంనగర్‌కొద్దాం. ఆ రాత్రే అమ్మాయి తన టీమ్ లీడ్‌కి ఉన్నదున్నట్టు రాసింది. ‘నేనే తప్పు చేయబోయిన’ అన్న వాక్యం పెట్టాలా వద్దా అని పది నిమిషాలు ఆలోచించి, పెట్టింది. సీనియర్ పేరు మాత్రం రాయలేదు. పొద్దున్నే ఆయన ఫోన్ చేసి, ముందు డేటాబేసు పాస్‌వర్డు మార్పించానని, ఆ పాత కోడు తీసేయమని చెప్పాడట. తీసేసి, చిట్టీ కావాలనే దాచిపెట్టి టెస్టులు నడిపింది. తొమ్మిదికి తొమ్మిదీ ఫెయిల్! అలా ఫెయిలవడం చూసి సంతోషపడిన పిల్లను మా మరదలు అనుమానంగా చూసింది. చిట్టీ తిరిగి పెట్టాక తొమ్మిదికి తొమ్మిదీ పాస్.

సాయంత్రం నేను వెళ్లేసరికి మా మరదలు గోడ మీదుగా పక్కింటావిడతో అంటోంది. ‘మా బిడ్డకు తొమ్మిదికి తొమ్మిది మార్కులొచ్చినయి!’