పాత అంకెలు రేపటి అంకెను చెబుతాయా?

శంషాబాద్: ఇక్కడ 2008లో విమానాశ్రయం మొదలైన నాటి నుంచి గల్ఫ్ కూలీల రాకపోకలకు ఇదే దారి. వారి వెంట దుబాయ్ లాటరీ ముచ్చట్లు కూడా ఊళ్లకు చేరుతున్నాయి. పాత డ్రాల అంకెలు వరుసగా రాసుకుని, చాలాకాలంగా రాని అంకెపై డబ్బు పెడితే తగిలి తీరుతుందన్నది కొందరి నమ్మకం. మట్కా చార్టుల కాలం నుంచీ ఉన్న నమ్మకమే ఇది.

మట్కా మొదట పత్తి ధరలపై పందెం. న్యూయార్క్ నుంచి బొంబాయికి వచ్చే ధరలపై ఆడేవారు. 1961లో ఆ ధరలు ఆగిపోగా, కుండలో చీటీలు వేసి అంకె తీయసాగారు. పత్తి ధర పెరగడానికి, తగ్గడానికి వాన, పంట, గిరాకీ కారణాలవుతాయి. కుండలోని చీటీకి అటువంటి కారణమేదీ లేదు.

చిట్టీ వేరు, లాటరీ వేరు

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో గమనించాలి. ఇరవై మంది కలిసి, నెలనెలా పేరు తీసే చిట్టీ వేశారనుకుందాం. పేరు వచ్చినవారి చీటీ మళ్లీ వేయరు. కనుక రానివారి వంతు నెలనెలా దగ్గరపడుతుంది. ఇరవయ్యో నెల చివరివారికి ఖాయం. లాటరీలో అలా కాదు. వచ్చిన అంకె కూడా మళ్లీ డ్రాలో ఉంటుంది. పందొమ్మిది సార్లు రాని అంకెకు ఇరవయ్యోసారి అవకాశం మొదట ఎంతో అంతే.

సున్నా నుంచి తొమ్మిది వరకు పది అంకెలతో పది డ్రాలు తీస్తే, సగటున మూడు నాలుగు అంకెలు అసలు రావు. ఇది మామూలు విషయమే. చార్టులో కనిపించే ‘బాకీ అంకె’ ఇదే.

లెక్క ఎవరి వైపు?

మట్కాలో జంట అంకెకు రూపాయికి ఎనభై, తొంభై ఇస్తామంటారు. తగిలే అవకాశం మాత్రం నూటికి ఒకటి. దుబాయ్ విమానాశ్రయంలో 1999లో మొదలైన మిలియన్ డాలర్ల డ్రాలో టిక్కెట్లు 5,000. ఒక్కొక్కటి 1,000 దిర్హాములు. అన్నీ అమ్ముడైతే 50 లక్షల దిర్హాములు వస్తాయి. బహుమతి విలువ సుమారు 36.7 లక్షలు. ఏ అంకె ఎంచుకున్నా అవకాశం 5,000లో ఒకటే.

తెలంగాణలో లాటరీలకు అనుమతి లేదు. మట్కాకు 1974 నాటి జూద నిరోధక చట్టం వర్తిస్తుంది. 2017లో ఆన్‌లైన్ పందేలను కూడా అందులో చేర్చారు. కేరళ ప్రభుత్వ లాటరీ ఉన్నా, అది ఆ రాష్ట్రంలో అమ్మే కాగితపు టిక్కెట్టే. కనుక ‘కేరళ లాటరీ తగిలింది, ముందు పన్ను కట్టండి’ అని ఫోన్‌లో వచ్చే కబురు నమ్మరాదు. ఇప్పటికే డబ్బు పంపినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయాలి.