పదిహేను రోజుల గ్యారంటీ ఎవరి చేతికి?

పదిహేను రోజులు చెక్కుచెదరదని గోళ్ళరంగు సీసా మీద రాసి ఉంటుంది. ఏ చేతికి వేసి చూశారో మాత్రం రాయరు. మొన్న కౌల్ బజార్‌లో ఒక ఫ్యాన్సీ షాపు ముందు కాలేజీ పిల్ల ఒకతి "ఎన్ని దినాలుంటాదన్నా ఇది?" అని అడిగింది. అంగడాయన సీసా తిప్పి చూసి "పదైదు దినాలకు ఢోకా లేదమ్మా" అన్నాడు. గాజులు బేరమాడుతున్న పెద్దామె ఉండబట్టలేక "అంట్లు తోమకుంటే నెల కూడా ఉంటాదిలే" అంది. ఈ వారం నేను రాయాలనుకున్నది ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇక మిగిలింది ఎందుకన్నదే.

బళ్ళారి దండు పక్కన పెరిగిన బజారు ఇది. ఇంట్లో తెలుగు, బోర్డు మీద కన్నడం, బేరంలో ఉర్దూ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజే బళ్ళారి మైసూరు వైపు వెళ్ళిపోయినా, ఈ సందుల్లో మాట మారలేదు, పనీ మారలేదు. ఆడవాళ్ళ చేతులకు ఇక్కడ ముఖ్యంగా రెండు పనులు. ఒకటి జొన్నరొట్టె, రెండు జీన్స్ ప్యాంటు.

రొట్టె తట్టే చేతిని ఒకసారి దగ్గరగా చూడండి. వేడినీళ్ళు పోసి కలిపిన పిండిని అరచేత్తో నొక్కి, వేళ్ళ కొసలతో అంచు తిప్పుతూ తడుతుంటారు. ప్రతి తట్టుకూ గోటి కొన పీటకు తగులుతుంది. గోరుకూ రంగుకూ మధ్య పిండి దూరుతుంది, మళ్ళీ దాన్ని గిల్లి తీస్తారు. ఇక జీన్స్ పని. కుట్టు మిషన్ల దగ్గర నుంచి వచ్చిన ప్యాంట్లు ఒళ్ళో వేసుకుని, చిన్న కత్తెరతో మిగులు దారాలు తెంచే పని ఇళ్ళ అరుగుల మీదే సాగుతుంది. డెనిమ్ గుడ్డ గరుకు. దాని నీలం చేతికి అంటుకుంటుంది, సాయంత్రానికి గోటి మూలల్లో నీలిగీత దిగుతుంది. ఇలాంటి చేతి మీద పదిహేను రోజుల రంగు మూడో రోజుకే కొసల దగ్గర పెచ్చులూడుతుంది. తప్పు చేతిది కాదు, గ్యారంటీ రాసినవాడు ఈ చేతిని లెక్కలోకి తీసుకోలేదు.

గోళ్ళరంగు అసలు సంగతేమిటంటే, అది కారుకు వేసే రంగుకు చుట్టం. అందులో ముఖ్యమైన సరుకు నైట్రోసెల్యులోజ్. పాత సినిమా రీళ్ళు, ఒకప్పటి కార్ల రంగులు దానితోనే చేశారు. 1917లో అమెరికాలో క్యూటెక్స్, 1932లో రెవ్లాన్, మన దేశంలో 1952లో లాక్మే వచ్చాయి. పేర్లు మారినా సూత్రం ఒకటే. ద్రావకం ఆవిరైపోతుంది, గోటి మీద గట్టిపొర మిగులుతుంది. గోరేమో నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పైపొర దానితోపాటు సాగలేదు, పగులుతుంది. పార్లర్లలో ముందుగా వేళ్ళను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, ఆనక రంగు వేయడం చూడటానికి బాగుంటుంది గానీ, నానిన గోటి మీద వేసిన రంగు ఇంటికి చేరేలోపే పట్టు సడలించుకుంటుంది.

అయినా వేసుకోవాలనుంటే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. గోళ్ళు వేలికొస దాటకుండా కత్తిరించి, కనీసం గంటసేపు నీళ్ళు తగలనివ్వకుండా ఉంచి, రిమూవర్ అద్దిన దూదితో జిడ్డు తుడిచాకే మొదలుపెట్టండి. పొయ్యి దగ్గర మాత్రం కూర్చోకండి, ఆ ద్రావకాలు ఇట్టే అంటుకుంటాయి. అడుగున బేస్ కోటు, మీద పల్చగా రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య రెండు మూడు నిమిషాలు. ఒక్కటే మందపు పూత వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది. చాలామంది వదిలేసేది కొన అంచు. కుంచెను ఆ అంచు మీదుగా కూడా ఒకసారి లాగాలి. పెచ్చు మొదలయ్యేది అక్కడే కాబట్టి. రెండు మూడు రోజులకోసారి పైన టాప్ కోటు మరో పూత. మన ఎండాకాలం మధ్యాహ్నాల్లో ద్రావకం తొందరగా ఎగిరిపోయి కుంచె గీతలు అలాగే నిలుస్తాయి గనక రాత్రి పనంతా అయ్యాక వేసుకోవడం మేలు. ఆపైన దుప్పటి ముడతలు గోళ్ళ మీద అచ్చుపడకుండా ఇంకో గంట మేలుకోవాలి. ఉదయం కుళాయి నీళ్ళకు లేవాల్సిన మనిషికి అంత తీరిక ఉంటుందా అన్నది వేరే మాట.

ఈ తీరిక లేనివాళ్ళను చూసే ఇప్పుడు జెల్ కిట్లు వచ్చాయి. చిన్న దీపం, రెండు సీసాలు, ఇంటికే పార్సిల్. జెల్ నిజంగానే రెండు వారాలు ఉంటుంది, ఎందుకంటే అది ఆరదు, అతినీలలోహిత కాంతికి గట్టిపడుతుంది. సరిగా గట్టిపడకపోతేనే చిక్కు. పచ్చిగా మిగిలిన మెథాక్రిలేట్లు చర్మానికి తగిలి ఎలర్జీ తెస్తాయి. ఒకసారి వచ్చిందా, జీవితాంతం వదలకపోవచ్చు. అదే జాతి రసాయనాలు పళ్ళ ఫిల్లింగులోనూ, ఎముకల సిమెంటులోనూ ఉంటాయి కాబట్టి రేపు ఆ వైద్యాలకూ ఇబ్బందే. బ్రిటన్ చర్మవైద్యుల సంఘం 2018లోనే హెచ్చరించింది. జెల్‌ను గట్టిపరచడానికి వాడే టీపీవో అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. పండగ మోజు తీరాక జెల్‌ను గోటితో గీకి ఊడదీస్తే గోటి పైపొర కూడా వెంట వస్తుంది. ఇంట్లో సొంతంగా చేసుకునేవాటిలో నేను వద్దనేది ఇదొక్కటే.

మరి నిజంగా నిలిచేదేది? గోరింటాకు. కన్నడం వాళ్ళకు మదరంగి, ఉర్దూ వాళ్ళకు మెహందీ. ఆషాఢం కోసమో రంజాన్ కోసమో కాదు, నిలకడ కోసమే చెబుతున్నాను. ఆకులో వందకు ఒకటి రెండు పాళ్ళు ఉండే లాసోన్ అనే రంగు పదార్థం గోటి మీద పొరగా కూర్చోదు, గోటిలోని కెరటిన్‌ను పట్టుకుని దానిలో కలిసిపోతుంది. ఊడటానికి పైన పొరంటూ ఉంటే కదా! అంట్లు తోమినా, రొట్టెలు తట్టినా, దారాలు తెంచినా రిమూవర్ రుద్దినా పోదు. గోరు పెరిగి, కత్తిరిస్తేనే పోతుంది. (ఈ చెట్టుకు లిన్నేయస్ పెట్టిన పేరు లాసోనియా. తన పుస్తకం అచ్చుకు డబ్బు సాయం చేసిన స్కాట్లండ్ వైద్యుడు ఐజాక్ లాసన్ మీది గౌరవం అది. తమలపాకు కట్టల పక్కన గోరింటాకు పోగేసి అమ్మే అవ్వకు ఆ లాసన్ ఎవరో తెలియాల్సిన పని లేదు.)

చేతి గోరు నెలకు దాదాపు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే ఆషాఢంలో పండిన ఎరుపు వినాయక చవితికి గోరు మధ్యకు జరిగి కింద తెల్లటి జాగా ఇస్తుంది, దీపావళికి కొసన సన్నటి చంద్రవంకలా మిగులుతుంది. అరచేతి ఎరుపు మూడు వారాల్లో చర్మం పొరలతోపాటు రాలిపోయినా గోటిది ఉంటుంది. సగం ఎరుపు సగం తెలుపు గోరు చూడముచ్చటగా ఉండదంటారు కొందరు. పెచ్చులూడిన నెయిల్ పాలిష్‌తో పోల్చి చూడమంటాను నేను.

గోళ్ళకు ప్రత్యేకంగా పెట్టుకునే పద్ధతి కొంచెం వేరు. పాత రంగు, నూనె జిడ్డు పూర్తిగా పోవాలి. నిమ్మచెక్కతో గోళ్ళను రుద్ది, కడిగి, ఆరనివ్వాలి. లేత ఆకులో రంగు ఎక్కువ. చింతపండు పులుసుతోనో నిమ్మరసంతోనో మెత్తగా నూరాలి, ఆ పులుపుకే ఆకులోని రంగు బయటపడుతుంది. గోరు చుట్టూ చర్మానికి పల్చగా నూనె రాస్తే రంగు గోటికే పరిమితమవుతుంది. మా ఇళ్ళల్లోలాగా వేలంతా ఎర్రగా పండాలంటే నూనె మానేసి, ముద్దను వేలికి టోపీలా తొడగండి. నాలుగైదు గంటలు ఉండాలి, రాత్రంతా అయితే ఇంకా మంచిది. తీసేటప్పుడు నీళ్ళు వద్దు, గీకేసి కొబ్బరినూనె రాయండి. తీసిన వెంటనే నారింజ రంగు చూసి పండలేదని దిగులుపడకండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అప్పటికీ తృప్తి లేకపోతే మర్నాటి రాత్రి ఇంకో పూత. గోరు పూత పూతకూ ముదురుతుంది.

కౌల్ బజార్‌లో గోరింటాకును ఇష్టపడటానికి ఇంకో కారణం కూడా ఉంది. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు గోళ్ళకు నీళ్ళు తగలాలి, పాలిష్ పొర అడ్డం. గోరింటాకుకు పొర లేదు కాబట్టి అడ్డం లేదు. ఈ చిక్కు తీర్చాలని పోలండుకు చెందిన ఇంగ్లాట్ కంపెనీ గాలి, తేమ ఆడే పాలిష్ తెస్తే, నీళ్ళు నిజంగా దాటుతాయా లేదా అని పెద్ద చర్చే జరిగింది. రంజాన్ పండగ ముందు రాత్రి, చాంద్ రాత్ నాడు కోన్ పట్టుకుని కూర్చునే మా వీధి పిల్లలకు ఆ చర్చతో పనే లేదు.

కోన్లతోనే జాగ్రత్త. గోరింటాకు ఎప్పుడూ పది నిమిషాల్లో పండదు, నల్లగా అసలే పండదు. అలా పండిందంటే అందులో తలకు వేసే రంగుల పీపీడీయో మరేదో కలిసిందని అర్థం. బొబ్బలు లేచాక డాక్టరు దగ్గరికి పరుగెత్తే కంటే కొనేముందే వాసన చూడండి. ఆకు వాసన కాక పెట్రోలు వాసన కొడితే అక్కడే వదిలేయండి. నూరిన ముద్ద బయట పెడితే ఒకటి రెండు రోజుల్లో సత్తువ పోగొట్టుకుంటుంది, కాబట్టి నెలల తరబడి అంగట్లో వేలాడే కోన్‌లో ఆకు ఎంత ఉందో మీరే ఊహించుకోవచ్చు. పసిపిల్లల ఒంటికి మాత్రం సహజమైనదైనా పెట్టకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న బిడ్డలకు అది రక్తకణాలను విరిచేసే ప్రమాదం ఉంది.

ఇక సీసా కొన్నవాళ్ళు పారేయనక్కర్లేదు. కాలి గోళ్ళకు వేసుకోండి. అవి చేతి గోళ్ళలో సగం వేగంతో పెరుగుతాయి, రొట్టెలు తట్టవు, అంట్లు తోమవు. అక్కడ పదిహేను రోజులేం ఖర్మ, నెలైనా ఉంటుంది.