తండ్రి వృత్తి అనే గడిలో ఏం రాయాలి?
(డిగ్రీ అయిపోయింది, ఇప్పుడేంది? – 4)

పోయిన నెల ఆళ్లగడ్డ నుంచి ఒక పిల్ల బస్సెక్కి నంద్యాల వచ్చింది, నాకు రెజ్యూమె చూపించను. బీకాం కంప్యూటర్స్, ఫస్ట్ క్లాస్. వాళ్ల గేరిలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి ఆడపిల్ల. నెట్ సెంటర్లో డబ్బులిచ్చి టైపు చేయించుకున్న రెండు పేజీలు. పైన ఆబ్జెక్టివ్. పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం చేస్తూ, తన నైపుణ్యాలు పెంచుకుంటూ, సంస్థ అభివృద్ధికి తోడ్పడాలని ఆ పిల్ల ఆశయం అంట. నా డిగ్రీ అయినప్పుడు నా రెజ్యూమెలో కూడా ఇదే వాక్యం. నెట్ సెంటర్ మారింది, వాక్యం మారలేదు. హాబీలు: పాటలు వినడం, పుస్తకాలు చదవడం. చివర్లో ఫాదర్స్ ఆక్యుపేషన్: బిజినెస్.

"మీ నాయన ఏం వ్యాపారం చేస్తాడు?" అనడిగినా.

"వ్యాపారమేం లేదు మేడం. బేల్దారి పనికి పోతాడు. కూలి అని రాస్తే బాగుండదని నెట్ సెంటర్ అన్న బిజినెస్ అని పెట్టినాడు."

ఆ అన్న మీద నాకు కోపం లేదు. లోకం తెలిసినవాడు, మేలు చేద్దామనే చేసినాడు. కూలి అని రాస్తే నిజంగానే బాగుండదు. ఎవరికి బాగుండదు, ఎందుకు బాగుండదు అన్నదే ఈరోజు నా మాట.

ఫైనలియర్ పిల్లలకు కాలేజీల్లో ఏటా వర్క్‌షాపులు పెడతారు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ట్రైనర్ వస్తాడు. కళ్లలోకి చూసి మాట్లాడండి, షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వండి, మీ గురించి మీరు రెండు నిమిషాల్లో చెప్పండి అంటాడు. ఇవి చెడ్డ సలహాలేం కావు. నేర్చుకోండి, పనికొస్తాయి. కానీ ఆ రెండు రోజుల్లో ఒక్కసారన్నా కులం అన్న మాట వినిపిస్తుందేమో చూడండి. రాదు. ఆ మాట రాకపోతే మిగిలే అర్థం ఒక్కటే: ఉద్యోగం రాలేదంటే లోపం నీలోనే ఉంది. నీ ఇంగ్లీషులో ఉంది, నీ చొక్కాలో ఉంది, నీ షేక్‌హ్యాండ్‌లో ఉంది. మన పిల్లలు ఇంటర్వ్యూకు పోయి వచ్చిన ప్రతిసారీ తమలో ఒక కొత్త లోపం కనిపెట్టుకొని ఇంటికొస్తారు. ఈ వర్క్‌షాపులు నేర్పే అసలు పాఠం అది.

ఇది నా అక్కసు అనుకునేవాళ్లకు ఒక లెక్క. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2005 అక్టోబరు నుంచి 66 వారాల పాటు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపించారు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు. ఒకే ఉద్యోగానికి, ఒకే స్థాయి చదువుతో, పేర్లు మాత్రం వేరు. ఒకటి పెద్దకులం పేరు, ఒకటి దళితుల పేరు, ఒకటి ముస్లిం పేరు. ఫలితం 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. పెద్దకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. అక్కడ షేక్‌హ్యాండ్ లేదు, కళ్లలోకి చూసేది లేదు. మనిషే లేడు. కాగితం మీద పేరు ఒక్కటే ఉంది.

అదే ఏడాది అదే పత్రికలో సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల్లో నియామకాలు చూసే 25 మంది మేనేజర్లతో మాట్లాడి రాశారు. మాకు ప్రతిభ ఒక్కటే ముఖ్యం, కులం గిలం చూడం అని చెప్పిన మనుషులే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం అడిగి తెలుసుకుంటామనీ చెప్పారు. తండ్రి ఏం చేస్తాడు, అన్నదమ్ములు ఏం చదివారు, ఏ ఊరు. మర్యాదగా అడుగుతారు, టీ ఇచ్చి మరీ అడుగుతారు. డాక్టరు కొడుక్కి అది కుశలప్రశ్న. బేల్దారి కూతురికి అది పరీక్ష. ఆ పరీక్షకు సిలబస్ లేదు, మార్కుల జాబితా రాదు.

చట్టం లేదా అంటారు. ఉంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం అంటరానితనం పేరుతో ఒక మనిషిని ఉద్యోగం చేయకుండా అడ్డుకోవడం నేరం. బాగానే ఉంది. రాని ఫోను మీద ఏ స్టేషన్లో కేసు పెట్టాలి? కొట్టినోడికి సాక్షి దొరుకుతాడు, తిట్టినోడికి దొరుకుతాడు. పిలవకపోవడానికి సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

అంతకంటే మంచి రెజ్యూమె ఎవరికీ లేదు అనుకునే మనిషి సంగతి చూడండి. కొలంబియాలో చదివి, లండన్లో చదువుతూ మధ్యలో వదిలిపెట్టి, 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయిన అంబేడ్కర్‌కు ఆ ఊర్లో ఉండను గది దొరకలేదు. పార్శీల సత్రంలో పేరు దాచుకొని ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. మరుసటి ఏడాది బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరితే, స్టాఫ్ రూములో కుండలో నీళ్లు ఆయన తాగడానికి తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. ఆయన ఆబ్జెక్టివ్ సరిగ్గా రాసుకోలేదనా?

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక పుస్తకం గుర్తు చేస్తా. జాషువ 1941లో రాసిన గబ్బిలం మీలో చాలామంది చదివే ఉంటారు. మేఘసందేశం ధోరణిలో రాసిన సందేశ కావ్యం అని పరీక్షల్లో రాస్తాం, ఐదు మార్కులు వేస్తాం. నాకది దరఖాస్తులాగా కనిపిస్తుంది. తంజావూరు సీమలో ఒక అంటరాని మనిషి తన కష్టం కాశీ విశ్వనాథుడికి చెప్పుకోవాలి. గుడిలోకి తను పోలేడు. గబ్బిలానికి ఏ అడ్డూ లేదు, అందుకని దాని చేత చెప్పి పంపిస్తాడు. ఈరోజు కంపెనీ భాషలో దీన్ని రెఫరల్ అంటారు. లోపల తిరిగే జీవి ఒకటి నీకు తెలిసి ఉండాలి. పెద్దకులాల పిల్లలకు మామ, బాబాయి, నాయన స్నేహితుడు పుట్టుకతోనే లోపల ఉంటారు. మనవాళ్లు గబ్బిలాన్ని వెతుక్కోవాల్సిందే.

అందుకే మన పిల్లలు ప్రైవేటు గుమ్మం వదిలేసి నంద్యాల కోచింగ్ సెంటర్లకు వస్తారు. రెండు రాష్ట్రాల్లో బ్యాంకు కోచింగ్ అంటే నంద్యాల పేరే చెబుతారు. శ్రీనివాస సెంటర్లో సాయంత్రం నిలబడితే అన్ని జిల్లాల యాసలూ వినపడతాయి. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. రాతపరీక్షకు మొహం ఉండదు, ఇంటిపేరు ఉండదు. బ్యాంకు క్లర్కు పోస్టుకు ప్రిలిమ్స్, మెయిన్స్ తప్ప ఇంటర్వ్యూ లేదు. పీవోకు ఇంటర్వ్యూ ఉన్నా తుది లెక్కలో దానికి 20 వంతులు, రాతకు 80. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు కంపెనీకి ఆ బాధ్యత ఏదీ లేదు. కాబట్టి మనవాళ్లు సరైన లెక్కే వేసుకున్నారు. ఆ లెక్క ఖరీదే మనం మాట్లాడుకోము. హాస్టలు గదిలో ఒక ఏడాది, రెండేళ్లు, నాలుగేళ్లు. ఇంటికాడ వడ్డీ పెరుగుతా ఉంటుంది. 'ఈసారి తప్పకుండా వస్తుంది నాయనా' అని ఫోన్లో చెప్పీ చెప్పీ, ఆఖరికి ఫోను చేయడమే మానేస్తారు.

సర్కారు దరఖాస్తులో కులం దాచిపెట్టే పని లేదు. కానీ అక్కడ వేరే ముడి ఉంది. మన నంద్యాల ప్రాంతంలో మిషన్ బడుల్లో చదివిన తరాలున్నాయి. పేర్లలో బైబిలు ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లే ఎస్సీలు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. గేరి మారలేదు, పని మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు, కాగితం మాత్రం మారాలంట. ప్రైవేటులో మన పేరు చూసి కులం పట్టుకుంటారు. సర్కారులో అదే పేరు చూసి నీకు కులం లేదంటారు. ఒకే పేరు రెండు చోట్లా మనకే ఎదురు తిరుగుతుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఉద్యమంలో ఉన్న అన్నలు కొందరు రెజ్యూమెలు దిద్దడం కార్పొరేట్ బానిసత్వం అంటారు. సభలో చప్పట్లు పడతాయి. అన్నా, మీకు నెల జీతం వస్తుంది, నాకూ వస్తుంది. ఆ పిల్లకు రాదు. మనం దిద్దకపోతే ఆమె కాగితం దళారి దిద్దుతాడు. ఔట్‌సోర్సింగ్ పోస్టు ఇప్పిస్తానని లక్షలు అడిగేవాడు ప్రతి మండల కేంద్రంలో ఉన్నాడు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ కోసం కొట్లాడాల్సిందే, నేనూ ధర్నాలో కూర్చుంటా. ఆ చట్టం వచ్చేదాకా ఈమె ఏం తినాలి?

అందుకని నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతున్నా. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాసుకోండి.

ఒకటి. ప్రైవేటు రెజ్యూమెలో తండ్రి వృత్తి, కులం, మతం, పెళ్లి, ఆధార్ నంబరు ఏవీ అక్కర్లేదు. ఆ గడులు నెట్ సెంటర్ నమూనాలో ఉన్నాయి కాబట్టి నింపుతున్నాం, అంతే. కొట్టేయండి. కంపెనీ ఫారమే అడిగితే నిజం రాయండి. భవన నిర్మాణ కార్మికుడు, వ్యవసాయ కూలీ. ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం అడుగుతారు, జవాబు ముందే సిద్ధం చేసుకోండి. మా నాయన ఈ పని చేస్తాడు, నేను ఇది చదివినాను, ఈ పని నాకు వచ్చు. మూడు ముక్కలు, తల దించకుండా. మూడో ముక్క మీదికి మాట తిప్పండి.

రెండు. దయతలచి, ప్రార్థిస్తున్నాను, తమ విధేయురాలు అనే మాటలు తీసేయండి. దరఖాస్తు అనేది ఫారసీ నుంచి వచ్చిన మాట, మనవి అని దాని అర్థం. మన తాతలు మనవి చేసింది చాలు. వాళ్లకు పని జరగాలి కాబట్టి ప్రకటన వేశారు. నీకు ఆ పని వచ్చని చెప్పు. అంతకు మించి ఒంగొద్దు.

మూడు. చేసిన పని రాయండి. ఆ పిల్లను గంటసేపు అడిగితే బయటపడింది: వాళ్లమ్మ పొదుపు సంఘం లెక్కలన్నీ ఇంటర్ నుంచి ఆమే రాస్తోంది. నెలనెలా పొదుపు, అప్పు, కంతు, వడ్డీ, తీర్మానాల పుస్తకం, బ్యాంకులో కట్టడం. ఐదేళ్ల అనుభవం. అది పని అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెద్దింటి పిల్లవాడు మామ ఆఫీసులో నెల రోజులు కూర్చుంటే ఇంటర్న్‌షిప్ అవుతుంది, మన పిల్ల ఐదేళ్లు లెక్కలు రాస్తే అమ్మకు సాయం అవుతుంది. ఆబ్జెక్టివ్ కొట్టేసి, ఆ చోట పొదుపు సంఘం లెక్కలు పెట్టినాం. రెండు పేజీల కాగితం ఒక పేజీ అయింది, బరువు పెరిగింది.

నాలుగు. సర్కారు ఫారంలో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే ఉండాలి. బ్యాంకు, కేంద్ర ఉద్యోగాలకు కుల ధ్రువీకరణ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చినాక మండలాఫీసు చుట్టూ తిరగడం కాదు, ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఎస్సీ, ఎస్టీలకు వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది, ఫీజు తక్కువ. రాతపరీక్షకు ముందు ఉచిత శిక్షణ ఇస్తామని నోటిఫికేషన్లో ఉంటే ఆ గడిలో టిక్ పెట్టండి, సిగ్గుపడొద్దు. ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కంపెనీకీ వదిలి రావొద్దు. కోచింగ్‌కు ఎన్నేళ్లు ఇస్తావో మొదటి రోజే నాయనతో కూర్చొని తేల్చుకో. ఆ గడువు గోడ మీద రాసుకో.

ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకు ఐదో మాట. బ్యాంకుల్లో, బళ్లలో, సచివాలయాల్లో, బెంగళూరు కంపెనీల్లో మనం వందల మందిమి ఉన్నాం. ఏప్రిల్ 14న దండ వేసి ఫొటో దిగుతాం. నెలకు రెండు రెజ్యూమెలు చదవండి. మీ ఆఫీసులో ఖాళీ ఉంటే మీ గేరిలో చెప్పండి. లోపలికి పోయిన గబ్బిలం లోపలే చూరు పట్టుకొని వేలాడితే బయట నిలబడినోడికి ఏం లాభం?

చివరగా ఆ పిల్ల సంగతి. కాగితమంతా దిద్దినాక తండ్రి వృత్తి గీత కొట్టేయబోయినా. చెయ్యి అడ్డం పెట్టింది.

"తీసేస్తే మళ్లీ దాచినట్టే కదా మేడం?"

దాచడం కాదు, వాళ్లకు అడిగే హక్కు లేదు అని చెప్పినా. నేను చెప్పిందే సరైందని ఇప్పటికీ అనుకుంటున్నా. ఆమె వినలేదు. బిజినెస్ కొట్టేసి, బేల్దారి మేస్త్రి అని తన చేత్తోనే రాసింది. "మా నాయన కట్టిన ఇండ్లు ఆళ్లగడ్డలో చాలా ఉన్నాయి మేడం" అనింది.

ఆ కాగితం ఆరు చోట్లకు పంపించినాం. ఇంకా ఏ ఫోనూ రాలేదు. వస్తే చెబుతా. రాకపోతే, లోపం ఆమెలో లేదని ఇక్కడే, ఆమె పేరు పెట్టకుండా, మళ్లీ రాస్తా.

జై భీమ్.