వెలుగు వీడిన స్తంభము

చెన్నపట్టణమున నావికులకు దారి చూపిన దీపము నాలుగు తావులు మారినది. 1796లో సెంట్ జార్జి కోటలోని భవనముపై, 1844లో రాతిస్తంభముపై, 1894లో హైకోర్టు గోపురముపై వెలిగి, 1977లో మెరీనా తీరమునకు చేరినది.

ఆ రాతిస్తంభము హైకోర్టు ఆవరణలో నేటికిని నిలిచియున్నది. వెలుగు లేని స్తంభమును కాపాడుట యేల? అది వెలిగిన తొలినాళ్ళలో పట్టణమునకు ఓడరేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేయగా, ప్రయాణికులు కుట్టుపడవలలో అలలను దాటి ఒడ్డు చేరెడివారు. ఆ సాహసమునకు మిగిలిన సాక్షులలో ఈ స్తంభ మొకటి.

రంగు పూసి ఊరకుండిన చాలదు. రాతి బీటలను సకాలమున సరిచేయవలెను. దాని కథను పిల్లలకు తెలుపవలెను. ఏ తీరమందలి పాఠశాలయైనను తన చెంతనున్న దీపస్తంభపు చరిత్రను విద్యార్థులచే వ్రాయించినచో, సంరక్షణకు అదియే తొలిమెట్టు.